కణితిలో ప్రొటీన్ చిరునామా

స్మారకోపన్యాసం అనగానే ఒక శాస్త్రాన్ని తొలినుంచి తుదిదాకా పరిచయం చేయడం ఆనవాయితీ. ఆ పని పాఠ్యపుస్తకాలు బాగానే చేస్తున్నాయి కనుక నేను ఒకే ఒక్క ప్రతిపాదన మీ ముందు పెడతాను. దానికి సాక్ష్యాలు చూపి, దాని మీద వచ్చే అభ్యంతరాలను దాటవేయకుండా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. మనిషి నుంచి తీసిన కణితిలో ఫలానా ప్రొటీన్ ఎంత ఉంది అని అడిగే ముందు, అది ఎక్కడ ఉంది అని అడగాలి. ఇదే ఆ ప్రతిపాదన. చోటు తెలియకుండా కొలిచిన పరిమాణం అబద్ధం కాకపోవచ్చు గానీ, ఆ అంకె దేని గురించి చెబుతోందో మనకు తెలియదు. కణం లోపల ఆ ప్రొటీన్ ఏ అరలో ఉంది? కణితిలో రకరకాల కణాలుంటాయి కదా, వాటిలో ఏ కణంలో ఉంది? ఆ కణం కణితి నడిబొడ్డున ఉందా, అంచున ఉందా, దాని ఇరుగుపొరుగు ఎవరు? వీటిలో ఏది మారినా అదే ప్రొటీన్ వేరే పని చేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఎదురు పని. ఇందులో కొత్తేముంది, 1858లో వీర్ఖో కణ రోగశాస్త్రం రాసిన నాటినుంచి పాథాలజిస్టులు చేస్తున్నది ఇదే కదా అంటారా? నిజమే. కానీ గత నాలుగు దశాబ్దాల్లో క్యాన్సర్ పరిశోధనలో డబ్బు, పేరు, కుర్రవాళ్ల ఉత్సాహం ఎక్కువగా కణజాలాన్ని కరిగించి చదివే వైపే వెళ్లాయి. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవారిని పాతకాలం మనుషులుగా చూడటం అలవాటైంది. ఆ చూపు తప్పని నా వాదం.

పెద్దపేగు క్యాన్సర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు తెలియదు. పేగు లోపలి గోడను కప్పిన కణాల్లో బీటా-కాటెనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో అది అంచు పొర దగ్గర ఇ-కాడ్‌హెరిన్ అనే మరో ప్రొటీన్‌కు అతుక్కుని ఉండి, కణాన్ని పక్క కణంతో కలిపి పట్టి ఉంచుతుంది. అంటే కణాల వరస చెదరకుండా కాపాడే పని. ఏ బంధమూ లేకుండా కణద్రవ్యంలో తిరిగే బీటా-కాటెనిన్‌ను కణం ఎప్పటికప్పుడు పట్టి నాశనం చేస్తుంటుంది, ఆ పట్టుకునే యంత్రాంగంలో ఏపీసీ అనే ప్రొటీన్ ముఖ్యమైన భాగం. పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధిక భాగంలో ఈ ఏపీసీ జన్యువే దెబ్బతింటుంది. అప్పుడు నాశనం కావలసిన బీటా-కాటెనిన్ పోగుపడి, కేంద్రకంలోకి చేరి, మిక్ వంటి జన్యువులను మేల్కొలిపి కణాన్ని విభజన వైపు నెడుతుంది. పొర దగ్గర కాపలాదారు, కేంద్రకంలో రెచ్చగొట్టేవాడు. ఒకే ప్రొటీన్. ఇక్కడితో ఆగితే ఇది చక్కని పాఠం మాత్రమే. అసలు విశేషం జర్మనీలో ఎర్లాంగెన్‌లో బ్రాబ్లెట్స్ బృందం చూపించింది. ఏపీసీ లోపం కణితిలోని ప్రతి క్యాన్సర్ కణంలోనూ ఉంటుంది. మరి బీటా-కాటెనిన్ అన్నిచోట్లా కేంద్రకంలోనే కనబడాలి కదా? అలా కనబడలేదు. కణితి మధ్యలో, గ్రంథి ఆకారం నిలిచి ఉన్న చోట అది చాలావరకు పొర దగ్గరా కణద్రవ్యంలోనూ ఉంది. చుట్టూ ఉన్న కణజాలంలోకి కణితి చొచ్చుకుపోతున్న అంచున మాత్రం కేంద్రకాల్లో దట్టంగా నిండి ఉంది. జన్యువు ఒకటే, లోపం ఒకటే, చోటును బట్టి ప్రవర్తన వేరు. అంటే పరిసరాలు కూడా నిర్ణయంలో పాలుపంచుకుంటున్నాయి. జన్యువును ఎంత లోతుగా చదివినా ఈ సంగతి తెలియదు, ఎందుకంటే జన్యువులో అది రాసి లేదు.

చోటు చూడటం వల్ల జన్యులోపమే బయటపడిన సందర్భం కూడా ఒకటుంది. అది కణితి కాదు, రక్తక్యాన్సర్. అయినా వాదానికి అవసరం కనుక చెబుతాను. ఇటలీలో పెరూజియాకు చెందిన బ్రునాంజెలో ఫలీనీ న్యూక్లియోఫాస్మిన్ అనే ప్రొటీన్ మీద, దానికే అంటుకునే యాంటీబాడీలతో పని చేసేవారు. ఇది కేంద్రకం లోపలి కేంద్రకాంశంలో ఉండే ప్రొటీన్, అక్కడినుంచి కణద్రవ్యానికి వెళ్లి వస్తుంటుంది గానీ మకాం మాత్రం అక్కడే. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా రోగుల ఎముక మజ్జ బయాప్సీలకు రంగు వేస్తే, పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఇది కణద్రవ్యమంతా పరుచుకుని కనిపించింది. ఆ రోగుల్లో ఎక్కువమందికి క్రోమోజోములు చూడటానికి మామూలుగానే ఉన్నాయి. క్రోమోజోములు లెక్కపెట్టేవారికి వాళ్లలో చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు. ఉండవలసిన చోట లేదంటే ప్రొటీన్‌లోనే ఏదో తేడా ఉండాలన్న తర్కంతో జన్యువును చదివారు. చివరి భాగంలో నాలుగు అక్షరాలు అదనంగా చేరి ఉన్నాయి. ఆ చేరికతో కేంద్రకాంశంలో నిలబెట్టే సంకేతం పోయి, బయటికి పంపే సంకేతం కొత్తగా పుట్టింది. 2005లో ఇది అచ్చయింది. ఇవాళ ఆ లుకేమియాకు చికిత్స నిర్ణయించేటప్పుడు తప్పక చేసే పరీక్షల్లో ఈ జన్యువు ఒకటి. జన్యువునుంచి ప్రొటీన్‌కు, ప్రొటీన్‌నుంచి చోటుకు వెళ్లడం పుస్తకాల్లో చెప్పే వరస. ఇక్కడ దారి తిరగబడింది. చోటు ముందు, జన్యువు తర్వాత.

కరిగించి కొలిచే పద్ధతిని తక్కువ చేసి మాట్లాడితే అది కృతఘ్నత. ఆ పద్ధతి మహిమ తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. రక్తం గానీ, కణజాలపు సారం గానీ రసాయనాలతో కలిపితే నీలం రంగు పుడుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ కొలతే వాళ్లను ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, 1929లో ఏటీపీ దగ్గరికీ తీసుకెళ్లింది. కండరం శక్తిని ఎలా ఖర్చుపెడుతుందన్న ప్రశ్నకు ఇది సరైన పద్ధతి, ఎందుకంటే కండరంలో ఒక చోటికీ మరో చోటికీ తేడా ఆ ప్రశ్నకు అవసరం లేదు. సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే, అదే హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ అనే యువ వైద్యుడు సహచరులతో కలిసి యాంటీబాడీకి మెరిసే రంగును రసాయనికంగా అతికించి చూపించాడు. మొదట వాడిన రంగు నీలంగా మెరిసేది. కణజాలానికి సహజంగానే కొంత నీలి మెరుపు ఉండటంతో రెండూ కలగాపులగమయ్యేవి, అందుకని ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసీన్‌కు మారాడు. సుబ్బారావు గారి నీలం ఎంత ఉందో చెప్పింది, కూన్స్ ఆకుపచ్చ ఎక్కడ ఉందో చెప్పింది. ఒకే వైద్య కళాశాలలో పదిహేనేళ్లకు పైగా తేడాతో పుట్టిన ఈ రెండు రంగుల మధ్య వైరం లేదు. ప్రశ్న ఏమిటో చూసుకోకుండా రెండోదాని చోట మొదటిదాన్ని పెట్టినప్పుడే చిక్కు వస్తుంది.

ఆ చిక్కు రొమ్ముక్యాన్సర్ వైద్యంలో ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజన్ రెసెప్టార్‌ను కనుగొన్నాక, ఆ రెసెప్టార్ ఉన్న కణితులకు హార్మోన్ చికిత్స పనిచేస్తుందని తేలింది. మరి ఉందో లేదో కనిపెట్టడం ఎలా? ఆపరేషన్ గదిలో కణితి ముక్క తీయగానే గడ్డకట్టించి, పొడిచేసి, రేడియోధార్మిక ఈస్ట్రోజన్‌తో కలిపి ఎంత అతుక్కుందో కొలిచేవారు. మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 10 ఫెమ్టోమోల్స్ దాటితే పాజిటివ్ అని చాలా ల్యాబుల్లో లెక్క. ఎంతో సున్నితమైన కొలత, చూడటానికి ఎంతో శాస్త్రీయం. కానీ రొమ్ము కణితి అంతా క్యాన్సర్ కణాలే కాదు. కొన్ని కణితుల్లో పీచు కణజాలమే ఎక్కువ, క్యాన్సర్ కణాలు దారాల్లా అక్కడక్కడా ఉంటాయి. వాటిలో ప్రతి కణంలోనూ రెసెప్టార్ నిండుగా ఉన్నా, పీచుతో కలిపి పొడిచేస్తే అంకె పడిపోతుంది. ఇంకొన్ని ముక్కల్లో మామూలు పాలనాళాలు కలిసి ఉంటాయి. ఆ నాళాల కణాల్లోనూ ఈ రెసెప్టార్ ఉంటుంది కనుక, క్యాన్సర్ కణాల్లో లేకపోయినా అంకె పెరుగుతుంది. ఊళ్లోని బియ్యమంతా ఒకే కుప్ప పోసి తూచితే తలసరి లెక్క తేలుతుంది గానీ ఎవరింట పొయ్యి వెలగలేదో తేలదు. 1990ల్లో యాంటీబాడీతో స్లైడు మీదే రంగు వేసి చూసే పద్ధతి విరివిగా వాడుకలోకి వచ్చింది. క్యాన్సర్ కణాల కేంద్రకాలకు రంగు పట్టిందా లేదా అని కంటితో చూడటమే. దాదాపు 2,000 మంది రోగుల కణితులను రెండు విధాలా పరీక్షించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, హార్మోన్ చికిత్స ఎవరికి పనిచేస్తుందో చెప్పడంలో ఫెమ్టోమోల్స్ లెక్క కంటే ఈ కంటిచూపు లెక్కే మెరుగ్గా తేలింది. నూటికి కొద్ది కణాలకే రంగు పట్టిన రోగులకు కూడా మేలు జరిగింది. అమెరికా మార్గదర్శకాలు 2010లో 1 శాతం కేంద్రకాలకు రంగు పట్టినా పాజిటివే అన్నాయి. 2020లో ఆ నియమాన్ని ఉంచుతూనే 1 నుంచి 10 శాతం వరకు ఉన్నవాటిని తక్కువ పాజిటివ్ అని విడిగా రాయమన్నాయి. రొమ్ముక్యాన్సర్‌లో పరీక్షించే మరో ప్రొటీన్ హెర్-2 విషయంలోనూ అంతే. దానికి రంగు కణపు పొర చుట్టూ పట్టాలి, కణద్రవ్యంలో ఎంత పట్టినా లెక్కలోకి రాదు. ట్రాస్టుజుమాబ్ మందు బయటినుంచి వచ్చి అంటుకునేది పొర మీదే మరి.

ఇక కణితి నిర్మాణం దగ్గరికి వద్దాం. 2006లో పారిస్‌కు చెందిన జెరోమ్ గలాన్ బృందం పెద్దపేగు కణితుల్లో రోగనిరోధక కణాలను లెక్కపెట్టింది. ఏ రకం కణాలు, ఎంత దట్టంగా, ఎక్కడ అన్న మూడింటినీ కలిపి చూస్తే రోగి భవిష్యత్తు బాగా అంచనాకు అందింది. టీ-కణాల మీదుండే సీడీ3, సీడీ8 అనే ప్రొటీన్లకు రంగు వేసి, కణితి నడిమధ్యలోనూ చొచ్చుకుపోయే అంచునా విడివిడిగా లెక్కించడం వాళ్ల పద్ధతి. 13 దేశాల్లో 2,600 మందికి పైగా రోగులతో చేసిన పరిశీలనలో ఈ లెక్క నిలబడిందని 2018లో లాన్సెట్‌లో వచ్చింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. ట్రిపుల్ నెగటివ్ రొమ్ముక్యాన్సర్ రోగులు 41 మంది, ఒక్కో స్లైడు మీద 36 ప్రొటీన్లు. యాంటీబాడీలకు రంగుల బదులు లోహాలను అతికించి, అయాన్ కిరణంతో స్లైడును గీకి చూసే యంత్రం అది. కొన్ని కణితుల్లో క్యాన్సర్ కణాలూ రోగనిరోధక కణాలూ కలిసిపోయి ఉన్నాయి. మరికొన్నింటిలో ఎవరి పేట వారిది. విడివిడి పేటలున్న రోగులే ఎక్కువ కాలం బతికారు. రోగనిరోధక కణాలు క్యాన్సర్‌లోకి చొరబడి కలిసిపోతే మంచిదనుకుంటాం, ఇక్కడ తిరగబడింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, పీడీ-ఎల్1 ఎవరి మీద ఉందన్నది కూడా ఆ పేటలను బట్టే మారింది. కలిసిపోయిన కణితుల్లో అది ఎక్కువగా క్యాన్సర్ కణాల మీద, విడిపోయిన వాటిలో రోగనిరోధక కణాల మీద. టీ-కణాన్ని నిద్రపుచ్చే ఈ ప్రొటీన్‌ను ఇవాళ ఆస్పత్రుల్లో శాతాల్లో రాస్తున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సాధారణంగా క్యాన్సర్ కణాలనే లెక్కిస్తారు, తల-మెడ క్యాన్సర్లకు వాడే స్కోరులో రోగనిరోధక కణాలనూ కలిపేస్తారు. రెండో స్కోరు నా దృష్టిలో సగం దూరం మళ్లీ కుప్పపోసే పద్ధతికే వెళ్లింది. మందు పనిచేసేవారిని ఎంపిక చేయడంలో అది పనికొస్తోంది కనుక డాక్టర్లు వాడటాన్ని తప్పుపట్టను. ఎందుకు పనికొస్తోందో మాత్రం ఆ అంకె చెప్పదు.

ఈ చిత్రపటాన్ని మొత్తం ప్రొటీన్లకు గీయాలన్న పట్టుదల స్వీడన్‌లో మాథియాస్ ఊలేన్‌ది. వాలెన్‌బెర్గ్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో మొదలైన హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్ వేలాది ప్రొటీన్లకు యాంటీబాడీలు తయారుచేసి, 44 రకాల మామూలు కణజాలాల మీద, 20 రకాల క్యాన్సర్ల మీద రంగు వేసి, బొమ్మలన్నీ ఎవరైనా చూసుకునేలా ఉంచింది. లక్షల కొద్దీ బొమ్మలు. వాటిని ఒక్కొక్కటిగా చూసి ఏ కణంలో, ఏ భాగంలో, ఎంత గాఢంగా రంగు పట్టిందో రాసిన పనిలో పెద్ద వాటా ముంబైలోని పాథాలజిస్టుల బృందానిది. ఈ సంగతి మన దేశంలో తగినంతగా చెప్పుకోరు. యంత్రం తీసిన బొమ్మకు అర్థం రాసిన కళ్లు మనవి. అట్లాస్‌లోని మరో భాగం, ల్యాబులో పెంచిన కణాల మీద చేసినది, 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. 12,003 ప్రొటీన్లను కణంలోని 30 భాగాలకు పంచిపెట్టి చూస్తే, దాదాపు సగం ప్రొటీన్లు ఒకటికంటే ఎక్కువ చోట్ల కనబడ్డాయి. అంటే రెండు చోట్ల రెండు వేషాలు వేయగల బీటా-కాటెనిన్ ఒక వింత కాదు. మొత్తం ఎంత ఉందన్న ఒక్క అంకెతో సరిపెట్టుకోవడం సగం ప్రొటీన్ల విషయంలో ప్రమాదమే.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది సంఖ్యాబలం గురించి. కణితిని కరిగించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే ఒక్కసారికి పదివేల ప్రొటీన్లు దొరుకుతాయి, అమెరికాలో సీపీటాక్ కార్యక్రమం ఏళ్లుగా అదే చేస్తోంది. స్లైడు మీద యాభయ్యో అరవయ్యో చూసి ఏం లాభం? న్యాయమైన ప్రశ్న. ఏ ప్రొటీన్‌ను వెతకాలో తెలియనప్పుడు కరిగించడమే దారి, ఇందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కానీ ఈ రెండింటి మధ్య గోడ కూలుతోంది. మాథియాస్ మాన్ తదితరులు 2022లో చూపిన పద్ధతిలో ముందు స్లైడును చూసి, కంప్యూటర్ సాయంతో ఒకే తీరు కణాలను గుర్తించి, లేజర్‌తో వాటినే కోసి తీసి, అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపుతారు. కరిగించడం అక్కడా ఉంది, కాకపోతే ఏది కరిగించాలో చోటు నిర్ణయిస్తుంది. నేచర్ మెథడ్స్ పత్రిక 2024 సంవత్సరపు పద్ధతిగా ఈ స్థలీయ ప్రొటీన్ శాస్త్రాన్నే ఎంచుకుంది.

రెండో అభ్యంతరం బరువైనది, దాని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. యాంటీబాడీలు అబద్ధం చెబుతాయి. ఈస్ట్రోజన్ రెసెప్టార్ బీటా అనే ప్రొటీన్ రొమ్ములో ఏం చేస్తుందని రెండు దశాబ్దాలు పరిశోధనా పత్రాలు వెల్లువెత్తాయి. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్రొటీన్ కోసం వాడే 13 యాంటీబాడీలను కఠినంగా పరీక్షిస్తే, స్లైడు మీద నిజంగా దాన్నే పట్టుకునేది ఒకే ఒక్కటి, అదీ ఎవరూ పెద్దగా వాడనిది. దానితో చూస్తే మామూలు రొమ్ములోనూ, రొమ్ముక్యాన్సర్‌లోనూ ఆ ప్రొటీన్ కనబడనే లేదు. ఎన్ని వ్యాసాలు గాలిలో మేడలయ్యాయో ఊహించుకోండి. ఇది పరిశోధనలో జరిగిన నష్టం. రోగులకు జరిగిన నష్టం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో బయటపడింది. 1997 నుంచి 2005 వరకు అక్కడ చేసిన హార్మోన్ రెసెప్టార్ పరీక్షల్లో వందలాది రోగుల ఫలితాలు తప్పని తేలి, జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ సంఘం 2009లో నివేదిక ఇచ్చింది. రెసెప్టార్ లేదని చెప్పడం వల్ల హార్మోన్ చికిత్స అందనివారు వారిలో ఉన్నారు. ఇలాంటి తప్పులు ఎలా వస్తాయంటే, ఫార్మలిన్‌లో ఊరిన కణజాలంలో ప్రొటీన్లు ఒకదానికొకటి ముడిపడిపోయి యాంటీబాడీకి అందవు. 1991లో షాన్‌రాంగ్ షీ ఆ ముక్కలను మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ముడులు సడలి యాంటీబాడీ అంటుకుంటుందని చూపినప్పటినుంచే ఈ పరీక్షలు ఇంత విరివిగా నడుస్తున్నాయి. వేడి ఎంత, ఎంతసేపు, ఏ ద్రావణంలో అన్నది తప్పితే ఉన్నది లేనట్టు కనిపిస్తుంది.

ఇంత విన్నాక మళ్లీ ఫెమ్టోమోల్స్‌కే పోదామనిపించవచ్చు. నేను దీన్ని ఎదురువైపునుంచి చూస్తాను. కరిగించిన ముక్కలో పరీక్ష విఫలమైతే ఆ వైఫల్యం అంకెలోపలే దాక్కుంటుంది. తక్కువ అంకె వచ్చిందంటే రెసెప్టార్ లేదా, పరీక్ష చెడిందా అని తేల్చే ఆధారం ఆ గొట్టంలో ఉండదు. స్లైడు మీద ఉంటుంది. కణితి పక్కనే మామూలు పాలనాళాలు ఉంటే వాటి కేంద్రకాల్లో కొన్నింటికైనా రంగు పట్టాలి. వాటికీ పట్టలేదంటే ఆ స్లైడు మీద నెగటివ్ అని రాసే అధికారం పాథాలజిస్టుకు లేదు, పరీక్ష మళ్లీ చేయాలి. అలాగే కేంద్రకంలో ఉండాల్సిన ప్రొటీన్‌కు వేసిన రంగు కణద్రవ్యమంతా అలుముకుంటే ఏదో తేడా ఉందని కన్ను పసిగడుతుంది. ఆ తేడా యాంటీబాడీదా, కణానిదా అని తేల్చడానికి జన్యువును తీసేసిన కణాలతో, మరో యాంటీబాడీతో సరిచూడటం వంటి మార్గాలున్నాయి, 2016లో ఊలేన్ తదితరులు వాటిని ఒక క్రమంలో ప్రతిపాదించారు. చోటు చూపే పద్ధతికి తప్పు చేసే గుణం ఉంది, తప్పును పట్టించే గుణం కూడా అందులోనే ఉంది. ఫలీనీకి కణద్రవ్యంలో రంగు కనబడినప్పుడు, యాంటీబాడీ చెడిందిలే అని పారేసి ఉంటే ఏమయ్యేది?

మూడోది పలచదనం గురించి. మనం చూసే ముక్క మందం నాలుగైదు మైక్రాన్లు, ఒక కణం మందం కూడా ఉండదు. దానిమీద గీసిన పటాన్ని కణితి పటమని ఎలా అంటాం? ఈ అభ్యంతరాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. 1998లో వచ్చిన టిష్యూ మైక్రోఅరే పద్ధతిలో 0.6 మిల్లీమీటర్ల కడ్డీలు వందల కొద్దీ ఒకే మైనపు బ్లాకులో నాటి, వందల రోగులను ఒక్క స్లైడు మీద చూడగలిగాం. చౌక, వేగం. ప్రొటీన్ అట్లాస్ కూడా ఇలాంటి చిన్న ముక్కల మీదే నిలబడింది. కానీ 2023లో హార్వర్డ్ బృందం పెద్దపేగు కణితులను వరుస ముక్కలుగా కోసి త్రిపరిమాణంలో కూర్చి చూస్తే, ఒక ముక్కలో విడివిడి ద్వీపాల్లా కనిపించిన నిర్మాణాలు నిజానికి లోపల కలిసి ఉన్నాయని, అంత చిన్న కడ్డీలతో అంచనా వేసే లెక్కలు తీవ్రంగా అటూఇటూ ఊగుతాయని తేలింది. ఇది చోటు చూడవద్దనడానికి కారణం కాదు, ఇంకా ఎక్కువ చోటు చూడాలనడానికి కారణం. అంచుకూ మధ్యకూ తేడా ముఖ్యమైన క్యాన్సర్లలో కడ్డీ ఎక్కడినుంచి తీశారో రాయని అధ్యయనాన్ని నేను నమ్మను.

చోటు మారడం రోగానికి కారణమా, రోగపు ఛాయ మాత్రమేనా అని తాత్త్వికులు అడుగుతారు. అన్ని ప్రొటీన్ల విషయంలో జవాబు లేదు. న్యూక్లియోఫాస్మిన్ విషయంలో ఉంది. 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో మార్పు చెందిన ఆ ప్రొటీన్ కేంద్రకంనుంచి బయటికి పోకుండా అడ్డుకున్నప్పుడు, లుకేమియా కణాలను అపరిపక్వ స్థితిలో ఆపి ఉంచిన జన్యువులు నెమ్మదించి, ఆ కణాలు పరిపక్వత వైపు కదిలాయి. ప్రొటీన్‌ను తగ్గించకుండా దాని చోటు మారిస్తే రోగస్వభావం మారింది. ఇంతకంటే నేరుగా కారణాన్ని నిరూపించడం కష్టం.

చివరిది ఖర్చు, మన నేల. లోహాలు అతికించే యంత్రాలు, అరవై ప్రొటీన్ల స్లైడులు మన జిల్లా ఆస్పత్రులకు ఎందుకన్న మాట సబబే. అవి కొందరికే అవసరం. కానీ పటంలో మన రోగాలు లేకపోవడం వేరే సమస్య. ప్రొటీన్ అట్లాస్‌లోని కణజాలాలు ప్రధానంగా స్వీడన్‌లోని ఉప్సలా ఆస్పత్రినుంచి వచ్చినవి. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామీణుల నోటి అంగుళ్లను పరీక్షించిన అధ్యయనం 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. నిప్పు వేడి, పొగ నేరుగా తగిలే ఆ గట్టి అంగుడిలో పుట్టే క్యాన్సర్ ప్రపంచంలో మిగతాచోట్ల బహు అరుదు. తల-మెడ క్యాన్సర్ అన్న పెద్ద గాటన దాన్ని కట్టేసి, నాలుక క్యాన్సర్ పటం దీనికీ సరిపోతుందనుకోవడానికి ఆధారం లేదు. అక్కడ టీ-కణాలు అంచున ఆగిపోతున్నాయా, లోపలికి వస్తున్నాయా? పీడీ-ఎల్1 ఎవరి మీద ఉంది? పీ53 అనే ప్రొటీన్ పోగుపడటం కణితి పుట్టకముందే, తెల్లమచ్చలున్న చుట్టుపక్కల అంగుడిలోనే మొదలవుతోందా? ఈ ప్రశ్నలకు అరవై ప్రొటీన్లు అక్కర్లేదు. ఏ మంచి పాథాలజీ విభాగంలోనైనా దొరికే నాలుగైదు యాంటీబాడీలు, అంచు నడుమ రెండూ ఉన్న పెద్ద ముక్కలు, వాటిని ఓపికగా చదివే ఇద్దరు పాథాలజిస్టులు చాలు. వీటితోపాటు మన ఆపరేషన్ గదుల్లో అరుదుగా రాసే రెండు సమయాలు కావాలి. కణితికి రక్తం ఆగిన సమయం, ముక్క ఫార్మలిన్‌లో పడిన సమయం. రొమ్ముక్యాన్సర్‌కు అమెరికా మార్గదర్శకాలు ఈ వ్యవధి గంట దాటకూడదనీ, తర్వాత ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలనీ అంటాయి. ఫార్మలిన్ కణజాలంలోకి ఇంకే వేగం గంటకు సుమారు ఒక మిల్లీమీటరు. కోయకుండా మొత్తంగా సీసాలో వేసి, పండగ సెలవులు దాటాక ల్యాబుకు పంపిన కణితి పైపొరలో ఒక ఫలితం, నడిమధ్యలో మరో ఫలితం చూపిస్తుంది, ఆ తేడాను రోగపు తేడా అని మనం రాసుకుంటాం. ఈ రెండు సమయాలను రాయడానికి బయాప్సీ ఫారంలో రెండు గడులు చేర్చడానికి ఏ నిధీ అవసరం లేదు. పెద్ద కణితిని సెంటీమీటరులోపు చెక్కలుగా చీల్చి ఫార్మలిన్‌లో వేయడానికి ఒక కత్తి, ఒక పీజీ విద్యార్థి చాలు. ఈ పని విశాఖపట్నం, శ్రీకాకుళం ఆస్పత్రుల్లో ఈ ఏడాది మొదలైతే, ఐదేళ్లలో అంగుడి క్యాన్సర్‌కు సరిగ్గా ఊరిన, చిరునామా చెడని బ్లాకుల వరస ఒకటి చేతికొస్తుంది.